టేపుకి అందనిది

ఎదురు కుర్చీలోని పెద్దాయన ఒక్క ఉదుటున లేచి వచ్చి, కునుకు తీస్తున్న టైలరక్క భుజం పట్టుకుని గట్టిగా కుదిపాడు.

ఆవిడ ఉలిక్కిపడి, నీళ్లలోంచి పైకి తేలినట్టు పెద్దగా ఊపిరి పీల్చి కళ్లు తెరిచింది.

పక్కనే ఫోన్ చూసుకుంటున్న తమ్ముడికి ఒళ్లు మండింది.

"ఏంటండీ ఇది? ముక్కూ మొహం తెలియని ఆడమనిషి మీద చెయ్యి వేస్తారా?"

"ఊపిరి ఆగింది బాబూ. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది."

"గురక ఆగితే సంతోషించాలి గానీ, నిద్ర లేపుతారా ఎవరైనా?"

లేజర్ క్లినిక్ హాల్లో వంతు కోసం కూర్చున్నవాళ్లంతా నవ్వారు. టైలరక్కా నవ్వింది. తన గురక మీద జోకులు ఆవిడకి కొత్త కాదు. కుట్టుమిషను ఆగినా అక్క ఆగదని షాపులో తమ్ముడు రోజూ అనేదే.

పెద్దాయన మాత్రం నవ్వకుండా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన వైద్యానికి వచ్చిన మనిషి కాదు. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. రోజూ వస్తాడు, అదే కుర్చీలో కూర్చుంటాడు, ఎదురుగా గోడమీదున్న రెండు పెద్ద ఫోటోలు చూస్తూ ఉంటాడు. రెండింట్లోనూ ఒకే ఆవిడ. ఎడమవైపు లావుగా, దిగాలుగా. కుడివైపు కాస్త సన్నబడి, వదులైన పాత బట్టల్ని పిడికిట్లో పట్టుకుని నోరారా నవ్వుతూ.

"ఏసీ కోసం వస్తాడేమో," అన్నాడు తమ్ముడు.

"కాదులేరా, ఆ ఫోటో మీద మనసు పడ్డట్టున్నాడు," అంది అక్క.

ఆవిడకి మోకాళ్లు మొరాయించాయి. షాపు మెట్లెక్కితే ఆయాసం. ముందు బీపీ, షుగరు, గుండె చూపించుకోమని వీధి చివరి డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఒళ్లు తగ్గితే అవన్నీ వాటంతటవే పోతాయని ఆవిడ లెక్క. కోత లేదు, నొప్పి లేదు, పడుకుంటే చాలు కొవ్వు కరుగుతుందన్న బోర్డు చూసి ఇక్కడికి వచ్చింది.

లోపల పనిచేసే అమ్మాయి ఆవిడ నడుముకి ఎర్రలైట్ల పట్టీలు కట్టింది. కాసేపయ్యాక విప్పి, టేపు చుట్టింది.

"భలే తగ్గారు ఆంటీ."

అక్క టేపు లాక్కుని తనే మళ్లీ కొలుచుకుంది. మొహం వెలిగిపోయింది.

"కాటా మీద ముల్లు కదల్లేదుగా," అన్నాడు తమ్ముడు.

"ఎంతమంది కొలతలు తీసిన చెయ్యిరా ఇది. మనిషి అబద్ధమాడినా టేపు ఆడదు."

బయటికి రాగానే పెద్దాయన మళ్లీ అడ్డం వచ్చాడు.

"బాబూ, పగలు కూడా ఇలాగే కునికిపాట్లు పడుతుందా?"

"పడుతుంది. అయితే?"

"మెడ దగ్గరి కొవ్వు ఊపిరికి అడ్డం పడుతుంది. పెద్దాసుపత్రిలో నిద్ర పరీక్ష చేస్తారు, చేయించు. టేపు నడుమునే కొలుస్తుంది, ఊపిరిని కొలవదు."

పదిమందిలో ఆ మాట అనేసరికి అక్క మొహం చిన్నబోయింది. ఆవిడ మొహం అలా అయితే తమ్ముడు తట్టుకోలేడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు.

"అందర్నీ ఇలాగే భయపెడుతున్నాడండీ," అని విసుక్కుంటూ కౌంటరమ్మాయి వాచ్‌మన్‌ని పిలిచింది.

పెద్దాయన గొడవ పడలేదు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"కూర్చోనిస్తే చాలన్నాను కదమ్మా. ఇంకేమీ అడగలేదు కదా."

వాచ్‌మన్ తలుపు వేసేశాడు.

అక్క తన బట్టలన్నీ సైడు కుట్లు విప్పి, బిగించి కుట్టుకుంది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని మురిసిపోయింది. ఒకరోజు తెల్లవారుజామున గోడవతల ఆవిడ గురక ఆగింది. తమ్ముడు హమ్మయ్య అనుకుని దుప్పటి ముసుగేసుకున్నాడు.

పొద్దున ఎంత లేపినా ఆవిడ లేవలేదు.

"నిద్రలో ఊపిరి ఆగి ఆగి గుండె అలిసిపోయింది. మెదడుకి గాలి అందలేదు," అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. "ముందే పరీక్ష చేయించి ఉంటే, పడుకునేటప్పుడు గాలినిచ్చే చిన్న మిషను పెట్టేవాళ్లం."

"ఇప్పుడు పెట్టండి డాక్టరుగారూ."

డాక్టరు ఆ కుర్రాడి భుజం తట్టి వెళ్లిపోయాడు.

అద్దం అవతల ఏదో యంత్రం అక్క బదులు ఊపిరి తీస్తోంది. తమ్ముడి జేబులో ఆవిడ టేపు ఉంది. దాన్ని చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం తప్ప అతను చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. కాళ్లు క్లినిక్ వైపు తీసుకెళ్లాయి.

పెద్దాయన రోడ్డు ఇవతలి పేవ్‌మెంటు మీద నిలబడి ఉన్నాడు. తమ్ముడి మొహం చూశాక ఇంక అక్క ఎలా ఉందని అడగలేదు.

"మీరు చెబితే వినలేదు. పైగా గెంటించాను," అన్నాడు తమ్ముడు. "గురక ఆగితే హమ్మయ్య అనుకున్నానండీ. మీరు డాక్టరా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి మీకెలా తెలిసింది?"

క్లినిక్ గాజు తలుపులోంచి కుడివైపు ఫోటో ఇక్కడికీ కనిపిస్తోంది. ఆయన చూపు దాని మీదే ఉంది.

"అంగుళాలు తగ్గాయని ఆ రోజు ఎంత సంబరపడిందో. ఇలా నవ్విన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు," అన్నాడు. "ఆ వారంలోనే ఓ రాత్రి మా ఆవిడ గురక ఆగితే, నేనూ హమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకున్నాను బాబూ."