నీలిబానకు చెప్పిన అబద్ధం

మద్దమ్మ గుడ్డసంచిలో జొన్నరొట్టెలు సర్దింది. వాటి మీద మొగుడి పాత పంచె మడిచి పెట్టింది. వాకిట్లో మద్దిలేటి ఎద్దులబండి కాచుకుని ఉంది. ద్రోణాచలం దాకా బండి, అక్కడి నుంచి గుంతకల్లుకు రైలు. పుట్టి బుద్ధెరిగాక ఆమె కోడుమూరు దాటి ఎరగదు.

పక్కింటి దౌలత్ బీ గడప బయటే నిలబడింది. నీలిరంగు పట్టిన చేతులను పైటకొంగు కింద దాచుకుంది. పోవద్దు, అదంతా అబద్ధం అని చెప్పడానికే వచ్చింది.

"ఏం ఆడనే నిలబడినావు, లోపలికి రా దౌలతమ్మా," అంది మద్దమ్మ. "నీ నోట్లో చక్కెర పోయ. నీవు చెప్పకుంటే నా మొగుడు ఆ టేషన్లో పడుండాడని నాకెట్ల తెలుస్తాండె?"

కోలారు గనులకు కూలికి పోయిన ఆమె మొగుడు శివన్న సంగతి చాలాకాలంగా ఎవరికీ తెలియదు. అతను కాలు విరిగి గుంతకల్లు స్టేషన్లో పడి ఉన్నాడని, చూసినవాళ్లే చెప్పారని, బావి దగ్గర నీళ్లకొచ్చిన ఈరక్కతో అన్నది దౌలత్ బీ. పొద్దు గూకేలోగా ఆ మాట ఊరంతా తిరిగి మద్దమ్మ ఇల్లు చేరింది.

చూసినవాళ్లెవరూ లేరు. దౌలత్ బీ ఇంటి వెనక నేలలో పాతిన నీలిమందు బాన చెడిపోయింది, అంతే. పీర్ల పండగకు రంగు వెయ్యమని ఊళ్లోవాళ్లు ఇచ్చిన నూలుబట్టలు ఇంటినిండా ఉన్నాయి. సున్నం వేసి చూసింది. బాన పులిసేందుకు ఉడికించిన తగిరిస గింజలు వేసి చూసింది. బట్ట ముంచితే మురికి పట్టింది గానీ నీలం పట్టలేదు. రంగులు వేసే ఇళ్లలో అలాంటప్పుడు ఒకటే దారి. ఒక పెద్ద అబద్ధం పుట్టించి ఊళ్లోకి వదలాలి. జనం దాన్ని నమ్మి నోటా నోటా తిప్పితే బానలో ప్రాణం లేస్తుందని వాళ్ల నమ్మకం.

మొదట ఆమె కోడుమూరులో రెండు తలల దూడ పుట్టిందని చెప్పింది. ఈరక్క కడవ నింపుకుంటూనే, "ఏం బీబీ, బాన చెడిందా?" అని నవ్వింది. ఈ ఆచారం ఊరందరికీ తెలుసు. నవ్విపోయే అబద్ధం బానకు పనికిరాదు. అందుకని మర్నాడు ఎవరూ నవ్వలేని మాట చెప్పింది.

"ఏ కాలు విరిగిందంట?" అని అడిగింది మద్దమ్మ, సంచి మూతి కడుతూ.

దౌలత్ బీ నోరు తెరిచింది. మద్దమ్మ ముఖం అంత తేటగా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఎడమకాలు," అంది.

రైళ్ల వెంట ఏదో కొత్త జ్వరం వస్తోందని, స్టేషన్లలో మనుషులు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఒరిగిపోతున్నారని చెప్పి మద్దిలేటి ఆగమన్నాడు. మద్దమ్మ వినలేదు. తాను భయపడి కూర్చుంటే ఆయనకు రొట్టె ఎవరు పెడతారని అడిగి బండెక్కింది. బండి కదిలి పోయేదాకా దౌలత్ బీ ఆ గడప దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం ఆమె మొగుడు అల్లా బాషా బాన మీద మూత తీశాడు. నీళ్ల మీద రాగి మెరుపుతో నురగ కట్టి ఉంది.

"లేచింది చూడు," అన్నాడు సంబరంగా. "ఈ తూరి శానా గట్టి అబద్దమే చెప్పింటావు. ఏం చెప్పినావే?"

నేల చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఎడమకాలు సంగతి కూడా దాచలేదు.

అల్లా బాషా చేతులు కడుక్కున్నాడు.

"మనం అబద్దం చెప్పేది బాన కోసరం. ఒక మనిషి ఆశ మీద చెప్తారా?"

తానే పోయి మద్దమ్మను వెనక్కి తెస్తానంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇంగ నీవు నిజం చెప్పినా అదీ అబద్దమే, బాన మళ్లా చెడిందనుకుంటారు."

అంగీ తగిలించుకున్నాడు. బండి ఈపాటికి ద్రోణాచలం చేరి ఉంటుందని, తాను అడ్డదారిన పోయి, అందకపోతే గుంతకల్లు దాకా వెతుకుతానని, ఆ ఆడమనిషిని జ్వరాల్లో ఒంటరిగా వదలనని చెప్పాడు. లేచిన బానను వృథా చెయ్యకుండా బట్టలు ముంచమని కూడా చెప్పి వెళ్లాడు.

ఆమె ముంచింది. నీలం అంత చిక్కగా ఎప్పుడూ పట్టలేదు. దాని మీద దానిమ్మ తొక్కల నీళ్లు పట్టిస్తే పచ్చరంగు ఆకులా తేలింది. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే తల ఎత్తలేకపోయింది. ఈరక్క తన పచ్చచీర చంకన పెట్టుకుని, పాపం మద్దమ్మ ఎన్ని అగచాట్లు పడుతోందో అని కళ్లు తుడుచుకుంది. దౌలత్ బీ బాన చూసే నెపంతో దొడ్లోకి పోయింది. మొగుడు రాకపోయేసరికి, మద్దమ్మను వెంటబెట్టుకుని వస్తున్నాడనుకుంది.

పండగ మర్నాడు ద్రోణాచలం నుంచి బండి వచ్చి ఆగింది. మద్దమ్మ దిగింది. ఆమె భుజం పట్టుకుని, ఎముకలగూడులాంటి మనిషి ఒకడు దిగాడు. శివన్న.

గనుల నుంచి ఇంటికి వస్తూ జ్వరం తగిలి గుంతకల్లులో పడిపోయాడట. స్టేషన్ గోడ పక్కన, దిక్కులేకుండా ఉన్నాడట. కాలు విరగలేదు గానీ, ఇంకొక్క పూట దాటితే దక్కేవాడు కాదని అక్కడివాళ్లు అన్నారట. మద్దమ్మ ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పి దౌలత్ బీ కాళ్ల మీద పడబోయింది.

దౌలత్ బీ వెనక్కి జరిగింది. నీలిచేతులతో ముఖం కప్పుకుంది.

"అక్కా, నా కాళ్లు పట్టుకోవద్దు. నేను చెప్పింది అబద్దం. బాన కోసరం చెప్తి. నిన్ను వెనక్కి పిలిచేకి మా ఇంటాయన పోయినాడే, చెప్పలేదా నీకు?"

మద్దమ్మ అర్థం కానట్టు ఆమెనూ, మొగుణ్ణీ చూసింది.

"బాషన్నా? ఆయప్ప మాకు యాడా కనపళ్లేదే."

అల్లా బాషా పందొమ్మిది వందల పద్దెనిమిదిలో, పీర్ల పండగకు ముందు శుక్రవారం సాయంత్రం ఇంటి నుంచి పోయాడు, తిరిగి రాలేదు.