తిరిగొచ్చాకే తంటా

"మీ ఆయనకి పెట్టిన కొత్త లివరు దెబ్బతిందమ్మా," అన్నాను. ముప్పై ఏళ్ళుగా కత్తి పట్టుకున్నా, ఈ మాట దగ్గర నా నాలుక తడబడుతుంది.

"రక్తం అందకనా?"

"అందనంతసేపూ బాగానే ఓర్చుకుంది. ఆయన ఒంట్లో అతికించి, మళ్ళీ రక్తం వదిలాం చూడండి, అప్పుడు వాచింది."

ఏడుస్తుందేమోనని మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాను. ఆవిడ పకపకా నవ్వింది.

"అచ్చం మా ఆయనే! ఇల్లొదిలి పోయిన ఆరేళ్ళూ నేను నిక్షేపంలా ఉన్నాను. పోయినేడాది పెట్టె పట్టుకుని గుమ్మంలో దిగాడు. ఆ రోజు పట్టుకున్న తలపోటు ఇంకా వదల్లేదు."

నవ్వాలో మానాలో తెలియక రిపోర్టులు తిరగేశాను. "మామూలుగా వారం పది రోజుల్లో కోలుకుంటుంది. కోలుకోకపోతే మాత్రం ఆయన ప్రాణానికే..."

"కోలుకోక చస్తుందా!" ఆవిడ వీల్‌చైర్‌లో కాస్త ముందుకు వంగి, దుప్పటి మీంచే పొట్ట మీది కుట్లు అదిమి పట్టుకుంది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నా ఒంట్లో ఉండి ఆయన్ని భరించిన లివరు. ఇప్పుడు ఆయన ఒంట్లో కూర్చుని ఆ మాత్రం ఓర్చుకోదూ?"