ఎర్రర్ అంటే ఏంటండి?

మేడం ఈరోజు కూడా అతన్నే లేపింది.

"దుర్గాప్రసాదరాజు గారూ, ఎర్రర్ టర్మ్ అంటే ఏంటండి?"

రాజమండ్రిలో, యూనివర్సిటీలో, ఎకనామెట్రిక్స్ క్లాసు. దుర్గాప్రసాదరాజుకి ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది ఉండగా ఈవిడకి తనే దొరుకుతాడేం?

"ఎర్రర్ అంటే తప్పండి. లెక్కలో మనం చేసిన తప్పు."

వెనక బెంచీలు గొల్లుమన్నాయి.

"తప్పు కాదండి. మేత పెంచితే రొయ్య బరువు పెరుగుతుంది. కానీ మేతొక్కటే కాదు కదండి, వానలుంటాయి, రోగాలుంటాయి. మన లెక్కలోకి రాకుండా మిగిలిపోయినవన్నీ కలిపి ఎర్రర్ టర్మ్. మొన్న కూడా చెప్పానండి. అలాగే నిలబడండి."

ప్రణతి మేడంది భీమవరం వైపు. పసిపిల్లల్ని కూడా అండీ అనే పిలిచే రాజుల ఇల్లు. తిట్టినా అండీ పోదు. అతనికి అదే ఇంకా మంట. పక్కన మణిదీప్ అసలు నోరే విప్పకపోతే, "పర్లేదండి, కూర్చోండి" అంది. ఆ పర్లేదు తనకి ఏనాడూ దక్కలేదు.

రొయ్యల సంగతి అతనికొకరు చెప్పాలా? వాళ్ళవీ చెరువులే. ఆ రొయ్యలే బోర్డు మీద ఆల్ఫాలూ బీటాలూ అయి కూర్చుంటే మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కదు. అతనికేమో ఎమ్మే అంటే ప్రాణం. ఈసారి గాని తప్పితే చదువూ వద్దు గిదువూ వద్దు, చెరువుల మీదకి నడవమని ఇంట్లో ఖరాఖండిగా చెప్పేశారు.

సాయంత్రం ఇంటర్నల్ మార్కులు అంటించారు. తప్పాడు. తిన్నగా స్టాఫ్ రూముకి వెళ్ళాడు.

"రెండంటే రెండు మార్కులండి మేడం. కలిపితే గట్టెక్కుతానండి."

ఆమె పేపర్లలోంచి తలెత్తలేదు.

"కుదరదండి. మీకైతే అసలు కలపకూడదండి."

"నా మీదే ఎందుకండి ఇంత పగ?"

"మళ్ళీ రాసుకోండి. వెళ్ళండి."

విసురుగా బయటికొచ్చాడు. గేటు అవతల, జెరాక్స్ షాపు పక్కన దాచినట్టు పెట్టుకున్న బండి తీశాడు. ఉక్రోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికెళ్ళి ఏం మొహం చూపించాలి? బండి స్టార్ట్ చేసి, కదలకుండా అలాగే కూర్చున్నాడు.

కాసేపటికి మేడం అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, వెనక సీటు మీద కూర్చుని, "పోనివ్వండి నాన్నగారూ, అమ్మగారికి నేను చెప్పనులెండి" అంది.