నోటు వెనక రాత

"నోటు ముందువైపు అంకెలు నువ్వే వేశావు. వెనక రాసిందెవరు?" చైనా అధికారి మాటను దుబాసీ మిగ్మర్ టిబెటన్‌లో చెప్పాడు.

బల్ల మీద ఇప్పుడు చెల్లని పాత టిబెట్ డబ్బు, వంద సాంగుల నోటు ఉంది. దాని వెనక నల్లసిరాతో 'ఈ నేల మాది' అని ఉంది. లాసా టంకశాలలో నోట్ల మీద చేత్తో అంకెలు వేస్తూ ముసలివాడైన సంతెన్ ఆ అక్షరాల తీరు గుర్తుపట్టాడు. అది తన దగ్గర నేర్చినవాళ్ల రాత. ఊళ్లో ఇప్పుడలా రాయగలిగేది తన కూతురు చోజోమ్ ఒక్కతే.

"పేరు చెప్పేదాకా తలుపు తియ్యరట," అన్నాడు మిగ్మర్.

"నేనే రాశానని చెప్పు. వాళ్ల ఉప్పు తింటున్నావుగా, ఆ మాత్రం చెయ్యి."

"వణికే చేత్తోనా పెద్దయ్యా? నమ్మరు." మిగ్మర్ గొంతు మారనివ్వకుండా అన్నాడు, "అది చోజోమ్ రాత కాదు, నాది. చిన్నప్పుడు ఒక చలికాలమంతా మీరే నేర్పారు, మరిచారా? నా పేరు చెప్పి ఇంటికెళ్లండి."

ఈ మనిషి వీధిలో ఎదురైతే సంతెన్ ఉమ్మేసి తప్పుకునేవాడు. ఇప్పుడు అతని కళ్లలోకి చూడలేక నోటు వైపు చూశాడు.

"నాతో పనిచేసిన రింజిన్ రాత అని చెప్పు. పోయిన నెలే చనిపోయాడు. వెనకాముందూ ఎవరూ లేరు."

మిగ్మర్ చెప్పాడు. అధికారి రాసుకుని తలుపు వైపు చెయ్యి చూపించాడు.

సంతెన్ లేచి మెల్లగా అడిగాడు, "మరి నువ్వు?"

"నేనెక్కడికి పోతాను పెద్దయ్యా? విచారణకి ఇంకొకర్ని తీసుకొస్తున్నారు."

సంతెన్ బయటికి రాగానే తలుపు లోపల మళ్లీ గడియ పడింది.