లెన్స్ వాటా

కోల్‌కతాలో పెళ్ళి ఫొటోలు తీసే తపతి, సౌమిక్ విడిపోయారు. ఇద్దరి డబ్బూ కలిస్తేగాని మంచి సరుకు రాని రోజుల్లో కెమెరా ఆమె కొంది, లెన్స్ అతను కొన్నాడు. "ఇక మనం విడిపోదామన్నా కుదరదోయ్!" అని అప్పట్లో నవ్వాడు సౌమిక్. చివరికి ఎవరిది వాళ్ళు పట్టుకుపోయారు.

తపతి ఒంటరిగా ఒక పెళ్ళి ఒప్పుకుంది. కొత్త లెన్స్ కొనే స్తోమత లేక పాత సరుకు అమ్మే దుకాణానికి వెళ్ళింది. ముసలి యజమాని బీరువాలోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. అంచున సొట్ట చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"ఇది సౌమిక్‌ది కదా, దాదా?"

"అవును దీదీ. మొన్న అమ్మేసి, వేరే కంపెనీ కెమెరా తీసుకున్నాడు."

తన కెమెరాకు సరిపోతుందని తన కోసమే ఇక్కడ వదిలి వెళ్ళాడనుకుంది తపతి.

"ఎంతకిస్తారు?"

"మీకు కొంచెం ఎక్కువే అవుతుంది," అన్నాడు ముసలాయన చూపు దించుకుని. "ఎవరికైనా అమ్ముకో, తపతికి మాత్రం ఇవ్వకు అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు ఊరికే తప్పలేను కదమ్మా!"

పెళ్ళి ఆదివారమే. తపతి బేరమాడకుండా డబ్బు తీసింది.