కంపెనీ గుర్తు

"చెయ్యి తియ్! మౌస్ మీదికెల్లి చెయ్యి తియ్!"

హెడ్ కానిస్టేబుల్ సైదయ్య అరుపుకు తిరుపతికి పైప్రాణాలు పైనే పోయాయి. కోదాడ బస్టాండు ఎదురుగా అతనిది అగ్గిపెట్టెంత సెల్‌షాపు. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి బతుకుతున్నాడు. ఇప్పుడూ కంప్యూటర్‌లో ఒక కార్డు ఉంది. ఆ కార్డు తెచ్చిన అవ్వ, మెడకు తువ్వాల చుట్టుకుని, కౌంటర్ పట్టుకుని నిలబడింది.

సైదయ్య వెంట వచ్చిన శంకర్ హైదరాబాద్ పాటల కంపెనీ మనిషి. తెర మీదికి వంగి చూశాడు. "దొరికాడు! మా వరినాట్ల పాటే ఎక్కిస్తున్నాడు!"

"నెట్ల నుంచి దింపిన సార్. అందరు దింపుకుంటున్నరు. ఆ సైటు బంద్ చేయించున్రి గానీ, నా అసొంటోని కడుపు కొడితే ఏమొస్తది?"

"ఒక సైటు మూయిస్తే పది పుడతాయి. మీలాంటివాళ్లు నలుగురు లోపలికెళ్తేనే మిగతావాళ్లకు భయం. మూడేళ్ల జైలు, తెలుసా?"

తిరుపతికి ఇల్లు గుర్తొచ్చింది. భార్య ఉమకు తొమ్మిదో నెల.

"గిది మీ పాటనే అని గ్యారంటీ ఏంది సార్? నాట్లల్ల ఆడోళ్లు అందరు పాడుతరు!"

శంకర్ నవ్వి పాట నొక్కాడు. నీళ్ల చప్పుడు, గాజుల చప్పుడు, వాటిని దాటుకుని ఖంగుమనే ఆడగొంతు. మధ్యలో ఎవరో కేకేశారు: "ఓ చిలుకూరు సాలమ్మా, ఆపకే! ఇంకోటి ఎత్తుకో!"

"విన్నావా? మా మనిషి పొలం గట్టున కూర్చుని ఫోన్‌లో రికార్డు చేశాడు. ఆ కేకను మేమే కావాలని ఉంచాం. అది ఎక్కడ వినబడితే అక్కడ మా పాట ఉన్నట్టే. కోర్టులో అదే మా గుర్తు!" అని శంకర్ ఛాతీ విరుచుకున్నాడు. పాటకు హక్కుదారు అంటే అట్లా ఉండాలి మరి!

తిరుపతి ఇగ ఖతం అనుకున్నాడు.

"ఈ పాట కంపెనోళ్లదా సారూ?" అవ్వ అడిగింది. గాలి తప్ప శబ్దం లేని గొంతు.

"అవునమ్మా. ఇతను ఎక్కించేది దొంగ సరుకు. నీకెందుకిది?"

"ఇంట్ల చంటిది ఈ పాట లేంది పండుకోదు. నేను పాడుదమంటే ఆపరేషనైనకాడికెల్లి గొంతు లేదాయె."

"దొంగ పాటతో జోకొట్టకూడదమ్మా!" శంకర్ మందలించాడు.

సైదయ్య పంచనామా కాగితం పరిచాడు. "అవ్వా, నీ కండ్ల ముందర దొరికింది. సాక్షివి నువ్వే. పాటల ఉన్న కేక గూడ రాసిన. ఇన్నవ్ గదా?"

"ఇన్న బిడ్డా."

"కోర్టుల గిదే చెప్పాలె."

"చెప్త."

"అవ్వా, జర నా మొఖం సూడవే!" తిరుపతి చేతులు జోడించాడు. అవ్వ అతన్ని ఒకసారి చూసింది. బొటనవేలు సిరాలో అద్దింది.

"ఆగవ్వా, ముందు ఊరూ పేరూ చెప్పు, రాసుకుంట." సైదయ్య పెన్ను తెరిచాడు.

"చిలుకూరు సాలమ్మ."