కాళ్ళు కడుక్కుని వచ్చిన చుట్టాలు

దక్షిణ సముద్రం చిట్టచివర ఒక మంచుదీవిలో ధవళోదరి అనే పెంగ్విన్ కాపురముండేది. ఎండలు కాసే కాలంలో జంతువులను చూడటానికి మనుషులు ఓడలో అక్కడికి వచ్చేవాళ్ళు. పడవల్లోకి దిగేముందు ఓడ మెట్ల దగ్గరే ప్రతివాడూ బూట్లను క్రిములు చంపే మందునీళ్ళలో ముంచి, బ్రష్షుతో రుద్ది రుద్ది కడుక్కునేవాడు.

అది చూసినప్పటినుంచీ ధవళోదరి కాళ్ళు గర్వంతో నేలమీద ఆనలేదు. ఇరుగుపొరుగు పెంగ్విన్లు పలకరించినా ముక్కు పైకెత్తుకుని పోయేది.

"చూశావా మామా! కాళ్ళు కడుక్కోకుండా నా గడప తొక్కరు. మర్యాదంటే అదీ!" అంది ఒడ్డున పొర్లుతున్న ముసలి సీలుతో.

సీలు బద్ధకంగా ఒక కన్ను తెరిచి, "వాళ్ళు తిరిగి ఓడెక్కేటప్పుడు ఎప్పుడైనా చూశావా కోడలా?" అంది.

ఆ సాయంత్రం ధవళోదరి పడవ వెంబడే ఈదుకుంటూ వెళ్ళింది. మెట్లెక్కగానే మళ్ళీ అవే మందునీళ్ళు, అదే బ్రష్షు! పైగా ఈసారి ముక్కులు కూడా మూసుకున్నారు. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా అంత గట్టిగా కడుక్కోరు.

ధవళోదరి ముఖం మాడిపోయింది. ఆ రాత్రి చేపముక్క ముట్టలేదు.

మర్నాడు ఫొటో తీసుకుంటున్న ఒక పెద్దమనిషి దగ్గరికి వయ్యారంగా నడిచి వెళ్ళింది. అతను మురిసిపోయాడు. అది వెనక్కి తిరిగి, తోకెత్తి, రెండు బూట్లూ తడిసేలా రెట్ట చిమ్మింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! అదేం పనే?" అంది సీలు.

"పాపం, చుట్టాలు ఉత్తపుణ్యానికి అంత శ్రమపడుతున్నారు మామా. కడుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా!"